ఊచచెయ్యికి ఆరు నెలల గడువు

విశ్రాంతి దినాన సమాజమందిరంలో యేసు ఎదుట ఊచచెయ్యి గల ఒక మనిషి ఉన్నాడు. మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ ఈ సంగతి రాశారు. అయితే అది కుడిచెయ్యి అని చెప్పినవాడు లూకా ఒక్కడే. లూకా వైద్యుడు కదా! ఏ చెయ్యి, ఎంతవరకు అని అడగకుండా వైద్యుడు ముందుకు కదలడు. కుడిచెయ్యి పోయిందంటే సంపాదన పోయినట్టే.

బైబిలు పండితుడైన జెరోము క్రీ.శ. 398 ప్రాంతంలో మత్తయి సువార్తకు వ్యాఖ్యానం రాస్తూ ఇక్కడ ఒక విశేషం చేర్చాడు. నజరేయులనే యూదు క్రైస్తవులు చదువుకునే ఒక సువార్తలో, ఆ మనిషి తాపీమేస్త్రి అని ఉందట. చేతులతో బతికేవాణ్ణి, సిగ్గు విడిచి అడుక్కునే గతి పట్టకుండా నా చెయ్యి నాకిమ్మని ప్రభువును వేడుకున్నాడట. ఇది మన నాలుగు సువార్తల్లో లేదు, కాబట్టి దాని మీద సిద్ధాంతమేమీ కట్టనక్కర లేదు. కానీ చెయ్యి పడిపోయిన ఏ ఇంటికి వెళ్లినా మాకు ఈ తాపీమేస్త్రి గుర్తుకొస్తాడు. వాళ్లు అడిగేదీ అదే మరి.

ఆనాటి శాస్త్రుల లెక్క ప్రకారం ప్రాణం మీదికి వస్తే విశ్రాంతి దినాన వైద్యం చేయవచ్చు. ఊచచెయ్యి వల్ల ఎవరూ చావరు. కొన్ని గంటలు ఆగితే పొద్దు గూకుతుంది, విశ్రాంతి దినం ముగుస్తుంది, ఎవరికీ ఏ అభ్యంతరమూ ఉండదు. నడుము వంగిపోయిన స్త్రీ విషయంలో సమాజమందిరపు అధికారి అన్నదీ ఇలాంటి మాటే. పనిచేయడానికి ఆరు రోజులున్నాయి, అప్పుడు రండి అన్నాడు. యేసు ఆగలేదు. ఒక్క పూట ఆగడానికి కూడా ఆయన ఒప్పుకోకపోవడం మీద మేము చాలాసార్లు ప్రసంగించాం. దేవుని కనికరం వాయిదా వేయదని చెప్పాం. ఆ మాట నిజమే. అయితే చచ్చుబడిన చేతికి నిజంగానే ఒక గడువు ఉంటుందని, అది దాటితే వైద్యులు కూడా చేయగలిగింది తక్కువని వైద్యశాస్త్రం చెబుతోంది. ఆ సంగతి ఇక్కడ కాస్త వివరంగా రాయాలనుకుంటున్నాం.

మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం 2016లో కొత్త జిల్లాలతో పాటు ఏర్పడింది. అంతకు ముందు ఆ ఊళ్లు వరంగల్ జిల్లా కొత్తగూడ మండలంలో ఉండేవి. అడవి నడుమ కోయ గూడేలు, పత్తి చేలు, మొక్కజొన్న, వరి. ఎండాకాలం వస్తే తునికాకు. యాభై ఆకులు లెక్కపెట్టి కట్ట కట్టాలంటే రెండు చేతులూ కావాలి. పత్తి తీయాలన్నా అంతే. ఒక్క చేత్తో చేసే పని మా పల్లెల్లో ఏముంది చెప్పండి? ఆ ఊళ్లకు రోడ్లు వచ్చాయి, మంచిదే. రోడ్లతో పాటు బైకులూ వచ్చాయి. పెళ్లికో, జాతరకో, సంతకో రాత్రి పూట ముగ్గురు ఎక్కిన బైకు మలుపులో జారుతుంది. కొన్నిసార్లు ఎముక ఒక్కటీ విరగదు. బిడ్డ బతికాడని ఇంటిల్లిపాదీ దేవునికి స్తోత్రం చెబుతారు. వారం తర్వాత చూస్తే చెయ్యి భుజం నుంచి గుడ్డపేలికలా వేలాడుతూ ఉంటుంది.

ఏం జరిగిందంటే, బండి మీద నుంచి ఎగిరిపడ్డప్పుడు భుజం నేలకు కొట్టుకుని ఒక పక్కకు పోతుంది, తల ఇంకో పక్కకు విరుచుకుంటుంది. ఆ రెంటి మధ్య మెడ సాగుతుంది. మెడ వెన్నుపూసల సందుల్లో నుంచి ఐదు నరాల మొదళ్లు బయటికి వచ్చి, కాలరు ఎముక వెనుక ఒకదానితో ఒకటి పెనవేసుకుని, చంక గుండా చేతిలోకి దిగుతాయి. వైద్యులు దీన్ని బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. భుజం లేపడం, మోచెయ్యి మడవడం, పిడికిలి బిగించడం, వేడి, చల్లన తెలియడం అన్నీ దీని గుండానే. ఆ గుంజుడుకు ఈ అల్లిక తెగుతుంది. మన దేశంలో ఈ దెబ్బతో వచ్చేవారిలో ఎక్కువమంది బైకు ప్రమాదాల్లో పడ్డ యువకులే. హెల్మెట్ తలను కాపాడుతుంది గాని ఈ నరాలను కాపాడలేదు. అందుకని హెల్మెట్ మానేయమని కాదు సుమా!

తెగడంలోనూ తేడాలున్నాయి. మిరప మొక్కను నారుమడిలోంచి లాగేటప్పుడు చూడండి. ఒక్కోసారి కాడ సాగి వడలుతుంది, నీళ్లు తగిలితే మళ్లీ లేస్తుంది. నరం కూడా అంతే, ఊరికే సాగిందైతే కొన్ని వారాలకో నెలలకో దానంతటదే కోలుకుంటుంది. ఒక్కోసారి కాడ మధ్యకు తెగుతుంది. అప్పుడు కాలి పిక్క దగ్గర పెద్దగా అవసరం లేని ఒక నరాన్ని తీసి, ఆ మధ్యలో అతుకు వేస్తారు. మూడోది అన్నిటికంటే కష్టమైనది. మొక్క వేరుతో సహా ఊడివచ్చినట్టు, నరం వెన్నుపాములోంచే పెరుక్కుని వస్తుంది. దాన్ని మళ్లీ వెన్నుపాములో నాటి పని చేయించే దారి ఇప్పటికీ సామాన్యంగా అందుబాటులో లేదు.

ఇలాంటి చేతుల కోసమే నరాల మార్పిడి శస్త్రచికిత్స వచ్చింది. మన రైతులకు దీన్ని చెప్పడం తేలిక. ఒక మడికి నీళ్లు వచ్చే కాలువ మూలంలోనే పూడిపోయింది. పక్క మడికి రెండు పిల్లకాలువలు పారుతున్నాయి. అందులో ఒకదాన్ని ఎండిన మడిలోకి మళ్లిస్తారు. పక్క మడి ఎండదు, ఈ మడి బతుకుతుంది. చేతిలోనూ అంతే. బాగా పనిచేస్తున్న నరంలోంచి కొన్ని పోగులు విడదీసి, చచ్చుబడిన కండరానికి వెళ్లే నరానికి కలిపి కుడతారు. మైక్రోస్కోపు కింద, తలవెంట్రుక కంటే సన్నని దారంతో కుట్టే పని ఇది. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పాడు కదా, వైద్యులు దాత నరాన్ని ఎంచుకునే పద్ధతి అచ్చం అదే. ఒకే పనికి రెండు దారులున్న చోట నుంచే తీసుకుంటారు, ఒక్కటే ఉన్న దాని జోలికి పోరు.

1994లో పారిస్ వైద్యుడు క్రిస్టోఫ్ ఒబెర్లిన్, ఆయన తోటివారు ఒక కొత్త మార్గం ప్రకటించారు. మోచేతి లోపలి పక్క గట్టిగా తగిలితే జిల్లుమంటుంది చూడండి, ఆ నరంలోంచి కొన్ని పోగులు తీసి, మోచెయ్యి మడిచే కండరపు నరానికి కలిపారు. ఆ పోగులు తీసినా చేతి పట్టు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. నోటికి ముద్ద అందించే కదలిక తిరిగి వచ్చింది. నేడు ప్రపంచమంతటా ఈ శస్త్రచికిత్సను ఆయన పేరుతోనే పిలుస్తారు. భుజాలు ఎగరేసే నరాన్ని భుజం పైకెత్తే నరానికి కలపడం, పక్కటెముకల మధ్య ఊపిరికి తోడ్పడే నరాలను చేతిలోకి మళ్లించడం అంతకు ముందు నుంచే ఉన్నాయి. 1986లో షాంఘైలో గు యుడాంగ్ అనే వైద్యుడు బాగున్న రెండో పక్క మెడ నుంచి ఏడవ నరాన్ని ఈ పక్కకు తెచ్చాడు. 2003లో బ్యాంకాక్ వైద్యులు మోచెయ్యి చాపే కండరం నరంలో ఒక కొమ్మను భుజానికి ఇచ్చారు. 2019లో ఆస్ట్రేలియా వైద్యులు మెడ విరిగి కాళ్లూ చేతులూ పడిపోయిన 16 మందికి 59 నరాల మార్పిళ్లు చేసి, ఆ ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. తమంతట తాము తినగలగడం, చక్రాల కుర్చీని తోసుకోగలగడం ఆ మనుషులకు ఎంత పెద్ద సంగతో వేరే చెప్పాలా!

ఇప్పుడు గడువు సంగతి. తెగిన నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. నెలకు ఒక అంగుళం అనుకోండి. మెడ దగ్గర అతికితే అరచేతి దాకా రెండడుగులకు పైగా పెరగాలి, అంటే రెండేళ్లు. కానీ నరం అందని కండరం అంతకాలం కాచుకుని ఉండదు. క్రమంగా ఎండి, కొవ్వు పట్టి, ఏడాది నుంచి ఏడాదిన్నరకల్లా నరం వచ్చి తలుపు తట్టినా పలకని స్థితికి చేరుతుంది. అందుకే కండరానికి దగ్గర్లోనే నరం కలిపే ఈ మార్పిడి పద్ధతికి అంత విలువ. దారి తగ్గితే కాలం కలిసివస్తుంది. అయినా దెబ్బ తగిలిన మూడు నుంచి ఆరు నెలల లోపు ఆపరేషన్ జరిగితేనే మంచి ఫలితమని వైద్యులు చెబుతారు. తొమ్మిది నెలలు దాటాక ఆశ తగ్గుతూ పోతుంది.

మా ప్రాంతంలో ఈ ఆరు నెలలు ఎలా గడుస్తాయో మేము కళ్లారా చూస్తున్నాం. మొదటి నెల కట్టు కట్టేవాళ్ల దగ్గర పోతుంది. ఎముక విరగనప్పుడు కట్టు దేనికని ఎవరూ అడగరు. తర్వాత పసరు, తర్వాత పక్షవాతానికి మంచిదని పావురం నెత్తురు. ఇది పక్షవాతమే కాదు, దెబ్బ తగిలింది తలలో కాదు, మెడ దగ్గర అని చెప్పేవాళ్లు ఉండరు. ఇక ఆ తర్వాతి నెలలు మనవాళ్లవే. ఫలానా ఊళ్లో స్వస్థత కూటములు, ఫలానా కొండ మీద నలభై రోజుల ఉపవాస ప్రార్థన. ఆస్పత్రికి వెళ్తే విశ్వాసం తగ్గినట్టేనని, మాత్ర వేసుకుంటే దేవుణ్ణి అనుమానించినట్టేనని వేదిక మీద నుంచి చెప్పే బోధకులున్నారు. తొమ్మిదో నెలలోనో పదో నెలలోనో పెద్దాస్పత్రికి చేరేసరికి డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, ఇన్నాళ్లు ఎక్కడున్నారని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఆ పిల్లవాడి తండ్రి కాదు.

హిజ్కియా రాజుకు మరణకరమైన వ్యాధి వచ్చింది. గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విని పదిహేనేళ్ల ఆయుష్షు పెంచుతానన్నాడు. వాగ్దానం వచ్చేసింది కాబట్టి ఇక మందు అక్కర లేదని యెషయా అన్నాడా? అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయమన్నాడు. చెప్పినవాడు వైద్యుడు కాదు, ప్రవక్త. అది ఆనాటి మందు. ప్రార్థనకు జవాబు ఆ ముద్దలో నుంచి వచ్చిందంటే దేవుని మహిమకు ఏమాత్రమూ తక్కువ కాలేదు. మందు మానేయమని చెప్పే బోధకుడికి ఈ లేఖనం ఎలా అర్థమైందో మాకు తెలియదు. ఆయనకు కళ్లజోడు మాత్రం ఉంటుంది.

వేలూరు సీఎంసీ ఆస్పత్రి మన తెలుగువాళ్లకు కొత్త కాదు. వరంగల్ మీదుగా వెళ్లే రైళ్లలో కాట్పాడి టికెట్టుతో కూర్చున్నవారిని ఎప్పుడూ చూస్తూనే ఉంటాం. అక్కడి చేతి శస్త్రచికిత్స విభాగం డాక్టర్ పాల్ బ్రాండ్ పేరు మీద ఉంది. ఆయన 1914లో తమిళనాడు కొల్లిమలై కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టాడు. లండన్‌లో వైద్యం చదివి, యుద్ధంలో బాంబు దెబ్బలు తిన్నవారికి చికిత్స చేసి, 1946లో వేలూరు చేరాడు. ఒకసారి చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమానికి వెళ్లాడు. వేళ్లు ముడుచుకుపోయి గోళ్లలా వంగిన ఒక రోగి చెయ్యి పట్టుకుని, బిగించమన్నాడు. చచ్చిపోయిందనుకున్న ఆ చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా బిగిసింది! అంటే చెయ్యంతా చావలేదు. కొన్ని నరాలు చచ్చాయి, ముంజేతిలో మంచి కండరాలు ఇంకా ఉన్నాయి. ఆ మంచి వాటిలో ఒకదాని స్నాయువును మళ్లించి చచ్చిన పనికి పెట్టవచ్చు కదా అని ఆయనకు తోచింది. కుష్ఠు రోగి శరీరం చెడ్డది, కోస్తే మానదని అంతా నమ్మే రోజులవి. 1948లో ఆయన కోశాడు. మానింది. వేళ్లు తెరుచుకున్నాయి.

ఇది నరాల మార్పిడి కాదు, స్నాయువుల మార్పిడి. అక్కడ తాడు మళ్లిస్తారు, ఇక్కడ తీగ మళ్లిస్తారు. కానీ పోయినదాని గురించి ఏడుస్తూ కూర్చోక, మిగిలినదేమిటని వెదకడం రెండింటిలోనూ ఒక్కటే. మన తెలంగాణలోనే నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్ 1915లో కుష్ఠు ఆస్పత్రి స్థాపించారు. స్థానిక దాత రాజా నర్సాగౌడ్ అండగా నిలిచాడు. ఆ తరం రోగి పుండు కడిగి, ఉన్న మందు ఇచ్చింది. వంగిన వేళ్లను తిరిగి పనికి తేవడం తర్వాతి తరం పని అయింది.

బ్రాండ్ కథలో ఎక్కువమంది చెప్పని భాగం ఒకటుంది. చేతులు బాగైన కొందరు రోగులు తిరిగి వచ్చి, డాక్టరుగారూ, మీరిచ్చిన చేతులు మంచివి కావు అన్నారట. ముడుచుకున్న చేతులను చూసి జాలిపడి డబ్బులు వేసేవాళ్లు ఇప్పుడు వేయడం లేదు. కుష్ఠు మచ్చ ఉన్నందున ఎవరూ పని కూడా ఇవ్వడం లేదు. అడుక్కోవడం ఇష్టం లేక చెయ్యి అడిగిన జెరోము తాపీమేస్త్రి ఎక్కడ, చెయ్యి వచ్చి అడుక్కోవడం కూడా పోగొట్టుకున్న వీళ్లెక్కడ! బ్రాండ్ ఆ మాటకు నొచ్చుకోలేదు. వేలూరులోనే నవజీవన కేంద్రం పెట్టి, వాళ్లకు వడ్రంగం నేర్పించాడు. చిన్నప్పుడు ఇంగ్లండులో తాను తాపీపని, వడ్రంగం నేర్చుకున్నాడు గనుక పనిముట్లు పట్టుకోవడం ఆయనకే తెలుసు. ఆయన 2003లో కన్నుమూశాడు.

ఆపరేషన్ అయిన మర్నాడే చెయ్యి లేస్తుందని ఎవరూ అనుకోకూడదు. నాలుగైదు నెలలు ఏమీ కనబడదు. ఆ నెలల్లోనే ఇంటివాళ్లు విసిగిపోతారు. తర్వాత ఒకరోజు కండరం కింద చిన్న అదురు. ఆశ్చర్యమేమిటంటే, ఒబెర్లిన్ పద్ధతిలో చేయించుకున్న మనిషి మొదట్లో మోచెయ్యి మడవాలంటే పిడికిలి బిగించాలి, ఎందుకంటే ఆ నరం నిన్నటిదాకా పిడికిలిది. పక్కటెముకల నరం పెట్టించుకున్నవాడు దగ్గితే చెయ్యి ఎగురుతుంది! ఊపిరి గట్టిగా పీల్చి చెయ్యి లేపుతాడు. రోజూ సాధన చేయగా చేయగా మెదడు కొత్త దారి నేర్చుకుంటుంది. కొన్నాళ్లకు దగ్గనక్కర లేకుండానే ముద్ద నోటికి వెళ్తుంది. సమాజమందిరంలో ప్రభువు ఆ మనిషిని సరిగ్గా చేయలేని పనే చేయమన్నాడు, చెయ్యి చాపమన్నాడు. ఫిజియోథెరపిస్టు కూడా నెలల తరబడి మడవని చేతిని మడవమంటూనే ఉంటాడు. అద్భుతం కాదు గదా అని దీన్ని తీసిపారేసేవాళ్లకు మేము ఒక్కటే చెబుతాం, మెదడుకు ఆ నేర్చుకునే గుణం ఎవరు పెట్టారో ఆలోచించండి.

ఆశ చూపించి మోసం చేయకూడదు. పై రెండు మూడు నరాలే పోయినవారికి భుజం, మోచెయ్యి చాలా వరకు వస్తాయి, వేళ్లు ముందు నుంచే బాగుంటాయి. ఐదూ పెరుక్కుని పోయినవారికి మోచెయ్యి మడవడం, భుజం కాస్త నిలబడటం దాకా ఆశించవచ్చు. వేళ్ల పట్టు రావడం కష్టం. మంటలా వచ్చే నొప్పి కొందరిని చాలాకాలం వదలదు, దానికి వేరే మందులుంటాయి. స్పర్శ లేని చెయ్యి పొయ్యి దగ్గర కాలినా తెలియదు, ఇంట్లో ఆడవాళ్లు కనిపెట్టి ఉండాలి.

కాబట్టి దెబ్బ తగిలి చెయ్యి లేవకపోతే మొదటి వారంలోనే వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాస్పత్రిలో చూపించాలి. మూడు నాలుగు వారాలకు నరాల పరీక్ష చేస్తారు, మెడకు ఎమ్మారై తీస్తారు. దెబ్బ తగిలిన పక్క కనురెప్ప వాలి, కంటిపాప చిన్నదైతే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. కింది నరం వేరుతో ఊడిందనడానికి అది గుర్తు. మూడు నెలలు ఆగి చూద్దామని డాక్టరు అంటే అది వేరే ఆగడం. ఆయన నెలనెలా చూసి లెక్క కడుతూ ఆగుతాడు. ఇంటి దగ్గర ఆగడం అలాంటిది కాదు. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. వేలూరు సీఎంసీ, కోయంబత్తూరు గంగా ఆస్పత్రి చేతి శస్త్రచికిత్సకు పేరుపొందినవి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచింది. మీ కేసుకు ఏ ఆస్పత్రిలో ఎంతవరకు వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి, ఊళ్లో వాళ్లను కాదు.

కాన్పు కష్టమై భుజం ఇరుక్కుని పుట్టిన బిడ్డకు కూడా ఇదే నరం సాగవచ్చు. చాలామంది పసివాళ్లకు దానంతటదే బాగవుతుంది. మూడో నెలకు కూడా మోచెయ్యి మడవకపోతే ఆగకూడదు. దిష్టి తీయడం, తైలం రుద్దడం దీనికి పనిచేయవు.

ఇప్పటికే ఏడాది దాటిపోయినవారి మాటేమిటి? వారికీ తలుపు పూర్తిగా మూయలేదు. బ్రాండ్ చేసినట్టు స్నాయువు మళ్లించే దారి ఏళ్లు గడిచినా ఉంటుంది. తొడ లోపలి పక్క నుంచి ఒక కండరాన్ని రక్తనాళాలతో, నరంతో సహా తీసి చేతికి అమర్చే పద్ధతీ ఉంది. మా సంఘంలో ఆదివారం ప్రకటనల వేళ ఇప్పుడు ఇదీ చెబుతున్నాం. ప్రమాదం జరిగి చెయ్యి లేవని వారెవరైనా మీ వీధిలో ఉంటే, ఏ మతం వారైనా సరే, ఏ తేదీన దెబ్బ తగిలిందో రాసుకుని రమ్మంటున్నాం. కొత్త సౌండు బాక్సుల కోసం పోగుచేసిన డబ్బులోంచి హైదరాబాద్ బస్సు ఛార్జీలు, తోడు వెళ్లేవారి భోజనం ఖర్చు ఇవ్వడానికి పెద్దలు ఒప్పుకున్నారు. పాత బాక్సులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.